అద్దు, పెట్టు, గుద్దు, ఎత్తు, జరుగు

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇందులో నేను చాలాసార్లు అరుస్తాను, అరిచిన ప్రతిసారీ తప్పు నాదే.

పేరు గిరిధర్. ఇరవై రెండేళ్ళుగా లెక్కల మాస్టారుని. ఉండేది గుడివాడ, పనిచేసేది పెడన అవతల ఒక హైస్కూల్లో. పొద్దున బస్సులో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు గుడ్లవల్లేరులో దిగేదాకా ఒంటికాలి మీద నిలబడి రావాలి. బడి చేరేసరికే చిర్రెత్తి ఉంటాను. అప్పటికే వచ్చి పొయ్యి వెలిగించి ఉండే మనిషి జాన్‌బీ. ఇదంతా ఆవిడ గురించే.

జాన్‌బీ మా పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. యాభై ఆరేళ్ళుంటాయి. ఐదో తరగతి అవగానే పెడనలో కలంకారీ అచ్చుల షెడ్డులో చేరింది. ముప్పయ్యేళ్ళకు పైగా చెక్క అచ్చు పట్టుకుని గుడ్డ మీద గుద్దీ గుద్దీ కుడి భుజం పట్టేసింది. ఇంక అచ్చు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పిన రోజున ఇంటికెళ్ళి అన్నం తినలేదట. భర్త పోయాడు, కూతురు బందరులో కాపురం ఉంటోంది. ఖాళీగా కూర్చోలేక మా బళ్ళో గరిటె పట్టుకుంది. నూట ఎనభై మందికి ఎడం చేత్తోనే వండుతుంది. నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు.

ఇక మా కంప్యూటర్ గది సంగతి. తొమ్మిదేళ్ళ క్రితం పది కంప్యూటర్లు వచ్చాయి. బందరులో నాకు రెండు వారాలు శిక్షణ ఇచ్చి, గది తాళంచెవి చేతిలో పెట్టి, ఏది పాడైనా బాధ్యత నాదేనని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నెల తిరక్కుండానే కరెంటు ఎగిసి ఒకటి కాలిపోయింది. నన్ను సంజాయిషీ అడిగారు. అంతే, ఆ రోజే గదికి తాళం వేశాను. ఏటా దసరాకు మాత్రం తెరిచేవాణ్ణి. ఒక్కో దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, చామంతి దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, మళ్ళీ మూసేసేవాణ్ణి. నవ్వకండి. చుట్టుపక్కల ఎన్ని బళ్ళలో అడిగినా పూజ జరగని కంప్యూటర్ దొరకదు. నడిచేవి దొరకడమే కష్టం.

కిందటేడు దీపావళి దాటాక నేనే పై ఆఫీసుకి ఒక ఉత్తరం రాశాను. పిల్లలకు ఆసక్తి లేదు, యంత్రాలు వృథాగా ఉన్నాయి, ఇంకెక్కడికైనా తరలిస్తే ఆ గది భోజనం బియ్యం నిల్వకు పనికొస్తుందని. బియ్యానికి చెమ్మ తగలని చోటు చూపించమని జాన్‌బీ రెండేళ్ళుగా నా చెవిలో జోరీగలా మొత్తుకుంటోంది లెండి. నా బాధ్యతా వదులుతుంది, ఆవిడ గోలా వదులుతుంది అనుకున్నాను. జవాబు త్వరగానే వచ్చింది. ఇరవై ఎనిమిదో తారీఖున వెంకటాద్రి గారనే అధికారి వస్తారు, పిల్లలు వాడుతున్నట్టు కనపడకపోతే అదే రోజు వ్యానులో ఎక్కించి వేరే బడికి పంపేస్తారు అని.

"జాన్‌బీ, నీ బియ్యానికి గది దొరికినట్టే, వచ్చి ఊడ్చుకో" అని పిలిచాను. చీపురు పట్టుకుని సంబరంగానే వచ్చింది. దుమ్ము ముసుగులు తీస్తుంటే కిటికీ ఊచలకు రెండు మొహాలు అతుక్కున్నాయి. తొమ్మిదో తరగతి పిల్లలు, నీలోఫర్, హర్షిత. ఒకత్తె వాళ్ళ నాన్న అచ్చులు చెక్కుతాడు, రెండో ఆమె ఇంట్లో మగ్గం.

"సార్, ఒక్కసారి ఆన్ చేసి చూపించరా?" అంది నీలోఫర్.

"నీకెందుకే? వెళ్ళి త్రిభుజాలు చెయ్యి!" అని అరిచాను. మొహాలు రెండూ మాయమయ్యాయి.

జాన్‌బీ చీపురు ఆపింది. "పిల్లలకు ఆసక్తి లేదని రాశారంట కదండీ మాస్టారూ. మరి ఇందాక కిటికీకి పట్టినవేంటి, కందిరీగలా?"

"నీ బియ్యం కోసమే కదమ్మా రాసింది!"

"నా బియ్యానికి గది ఇమ్మన్నాను గానీ, పిల్లల గది ఇమ్మన్లేదండీ. ఇరవై ఎనిమిదంటే ఇంకా మూడు వారాలుంది. తాళం తీసే ఉంది కదా, మళ్ళీ వెయ్యకండి."

వంటామె నాకు చెప్పేదేంటి అని ఒళ్ళు మండింది. సరే, చూద్దాం, నాలుగు రోజుల్లో పిల్లలే పారిపోతారు, అప్పుడు ఈవిడ నోరు మూతపడుతుందనుకున్నాను. మర్నాడు తొమ్మిదో తరగతి పిల్లల్ని ఇరవై మందిని కూర్చోబెట్టాను. కాలిపోయినది పోను మిగిలిన తొమ్మిదిలో ఏడు యంత్రాలు లేచాయి. నేనేం చేశానో తెలుసా? ఆన్ చేసి పక్కన పెట్టి, నోట్సు చెప్పాను. కంప్యూటర్ అనగానేమి, దాని భాగములెవ్వి, ఉపయోగములెవ్వి. మూడో రోజుకు ఎనిమిది మంది వచ్చారు. ఐదో రోజుకు ఆ ఇద్దరే మిగిలారు, వాళ్ళూ ఆవలిస్తున్నారు.

వంటషెడ్డు దగ్గర చెయ్యి కడుక్కుంటూ, "చూశావా, నేను చెప్పలేదూ!" అన్నాను. సిగ్గులేకుండా సంతోషంగా ఉన్నాను.

"ఏం నేర్పారండీ?"

"నీకు చెప్తే అర్థమవుతుందా? దానికి సొంత బుర్ర ఉండదు. ఏ పని చెయ్యాలన్నా వరుస తప్పకుండా మనమే చెప్పాలి. ఒకటి మర్చిపోతే అది చెయ్యదు, మనం చెప్పింది చెప్పినట్టే చేస్తుంది."

జాన్‌బీ నవ్వింది. "అర్థం కాకేం. షెడ్డులో మేం చేరినప్పుడు మొదటి నెల అచ్చు చేతికివ్వరండీ. పెద్దవాళ్ళ పక్కన నిలబడి, వాళ్ళు చేసేదంతా గట్టిగా పైకి చెప్పాలి. అద్దు, పెట్టు, గుద్దు, ఎత్తు, జరుగు. మనం చెప్పిందే వాళ్ళు చేస్తారు. తప్పు చెప్తే తప్పే చేస్తారు. అట్టా నెల్రోజులు నోటితో గుద్దితే గానీ చేత్తో గుద్దనివ్వరు. రేపు అన్నాలయ్యాక పిల్లల్ని ఇటు పంపండి."

పంపాను. ఏం చేస్తుందో చూద్దామని నేనూ వెళ్ళి గోడకానుకుని నిలబడ్డాను. పాత దుప్పటి ముక్క బల్ల మీద పరిచింది. గిన్నెలో పసుపు నీళ్ళు కలిపింది. ఇంట్లో దాచుకున్న పువ్వు అచ్చొకటి తెచ్చి ఎడం చేత్తో పట్టుకుంది. "నాకు బుర్ర లేదు. మీరు చెప్పిందే చేస్తా. ఈ గుడ్డకి చుట్టూ పువ్వుల అంచు వేయించండి."

"పువ్వు వెయ్యి మామ్మా" అన్నాడు సురేష్ అనే పిల్లాడు. ఆవిడ కదల్లేదు. పువ్వు వెయ్యడమంటే తనకు తెలీదంది. "అచ్చు గుడ్డ మీద పెట్టు" అన్నారు, పెట్టింది. రంగు అద్దలేదు కాబట్టి ఏమీ పడలేదు. రంగులో అద్దమన్నారు, అద్దింది. గుడ్డ మీద పెట్టి గుద్దమన్నారు, గుద్దింది. అక్కడే ఉండిపోయింది. పసుపు నీళ్ళు గుడ్డంతా పాకుతున్నాయి.

"తియ్యి మామ్మా, తియ్యి!"

"ఎత్తమని చెప్పారా?"

పిల్లలు పడీ పడీ నవ్వారు. నలభై నిమిషాల్లో నోటితోనే అంచంతా గుద్దించారు. ఒకే మాట పదిసార్లు అరవలేక, "ఇప్పుడు చెప్పిందే పదిసార్లు చెయ్యి" అని హర్షిత తనంతట తనే కనిపెట్టింది. నేను నోట్సులో నాలుగు పేజీలు చెప్పించినా ఎక్కని సంగతి అది. పెద్దపెద్ద ప్రోగ్రాములన్నీ నిలబడేది ఆ ఒక్క మాట మీదే. గోడకానుకున్నవాణ్ణి నిటారుగా నిలబడ్డాను.

మర్నాడు ఇరవై రెండు మంది వచ్చారు. బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాము ఒకటి బందరు శిక్షణలో నేర్పారు. ముందుకు, కుడికి, ఇన్నిసార్లు అని టైపు చేస్తే తెర మీద అదే గీస్తుంది. తొమ్మిదేళ్ళ దుమ్ము దులిపి నా బుర్రలోంచి దాన్ని బయటికి తీశాను. పిల్లలు అద్దు, పెట్టు, గుద్దు, ఎత్తు, జరుగు అనుకుంటూ తెర మీద పువ్వులు వేయడం మొదలెట్టారు. జాన్‌బీ గరిటె పట్టుకుని గుమ్మంలోనే నిలబడి చూసేది. పప్పు అడుగంటుతోందని సురేష్ కేకేస్తే పరిగెత్తేది.

తప్పులొచ్చేవి. నేను వెంటనే చెరిపేసేవాణ్ణి. వాళ్ళ చెయ్యి తోసేసి, "ఇలా కాదే మొద్దూ!" అని నేనే సరిచేసి ఇచ్చేవాణ్ణి. ఒకరోజు హర్షిత తెర ముందు ఏడుపు మొహంతో కూర్చుంది. అంతా సరిగ్గానే రాశానంది. కానీ రన్ చెయ్యడానికి, అంటే రాసింది నడిపి చూడటానికి, భయపడుతోంది, మళ్ళీ నేను తిడతానని. అప్పుడు జాన్‌బీ గుమ్మంలోంచే తన కథ చెప్పింది.

కలంకారీలో ఎరుపు రంగు నేరుగా గుద్దరట. ముందు అచ్చుని పటిక నీళ్ళలో అద్ది గుద్దుతారు. ఆ ముద్ర కంటికి సరిగ్గా ఆనదు. కాలవలో జాడించి, వేర్ల రంగుతో మరిగే పెద్ద రాగి కాగులో వేస్తే, పటిక పడినచోటే ఎరుపెక్కుతుంది. పదిహేడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు జాన్‌బీ ఒక తానంతా పటిక గుద్దింది, వరసకో పువ్వు వదిలేసి. బల్ల మీద ఎవరికీ కనపడలేదు. కాగులో పడ్డాక ప్రతి వరసలోనూ తెల్లటి కన్నం బయటపడింది.

"చచ్చిపోదామనిపించిందే తల్లీ" అంది జాన్‌బీ. "మా షెడ్డు ముసలమ్మ సుబ్బాయమ్మ గారు నన్ను కాగు దగ్గరే నిలబెట్టి చూడమంది. ఏ వరసలో చెయ్యి ఎక్కడ దాటిందో నేనే వెతుక్కున్నా. ఆ తర్వాత ఎప్పుడూ దాటలా. బల్ల మీద అన్నీ బాగానే కనపడతాయి. కాగులో వేస్తేనే తెలుస్తది. కాగంటే భయపడకు, వెయ్యి."

హర్షిత వేసింది. తప్పొచ్చింది. వెతుక్కుంది. ఆ రోజు నుంచి మా గదిలో రన్ అనే మాటే పోయింది. "కాగులో వేశావా?" అనే అనేవాళ్ళు. నేను మాత్రం మారలేదు. తప్పు కనపడగానే నా చెయ్యి దురద పెట్టేది.

ఇరవై ఎనిమిదో తారీఖు వచ్చింది. పదింటికల్లా గేటు బయట వ్యాను ఆగింది. దాంట్లో అట్టపెట్టెలు, తాళ్ళు కూడా తెచ్చుకున్నారు. అవి చూసేసరికి పిల్లల మొహాలు వాడిపోయాయి. ఆ వ్యానుని పిలిచింది నా ఉత్తరమే. పిల్లలకు అప్పటికి ఆ సంగతి తెలీదు. జాన్‌బీకి తెలుసు, కానీ వాళ్ళ దగ్గర ఒక్క మాట జారలేదు.

వెంకటాద్రి గారు మంచి మనిషే, కాకపోతే నా ఉత్తరం చదువుకుని వచ్చాడు. "ఆసక్తి లేదని మీరే రాశారు కదండీ, ఇప్పుడు ఇంతమంది కూర్చున్నారేంటి? నేనొస్తున్నానని కూర్చోబెట్టారా?" అన్నాడు. "మీరే చూడండి సార్" అని నీలోఫర్ వైపు చెయ్యి చూపించాను.

నీలోఫర్, హర్షిత చేతిరుమాలు అంచు వేసి చూపించారు. నాలుగు పక్కలా పదేసి పువ్వులు, చక్కగా కలిసింది. ఆయన తలూపాడు గానీ మొహంలో నమ్మకం లేదు. "ఇది బట్టీ పట్టించి ఉంటారు. ఏదీ, చేతిరుమాలు కాదు, పొడుగు తువ్వాలుకి వెయ్యండమ్మా. పొడుగు పక్క పదహారు పువ్వులు."

హర్షిత గబగబా టైపు చేసింది. కాగులో వేసింది. పై అంచు పదహారు పువ్వులు కుడికి వెళ్ళింది, పది కిందికి దిగింది, ఎడమకి పదే వచ్చి ఆగి పైకి ఎక్కేసింది. అంచు కలవలేదు. తువ్వాలు నడుమ ఎక్కడో తోకలా వేలాడుతోంది.

ఆయన చేతి గడియారం వంక చూశాడు. ఒక్క అంగలో వెళ్ళి గుమ్మం పక్క స్విచ్ మీద చెయ్యి వేశాను. కరెంటు పోయిందని చెప్పేద్దామని, పరువు దక్కించుకుందామని.

నా మణికట్టు ఎవరో పట్టుకున్నారు. జాన్‌బీ. కుడి చేత్తో పట్టుకుంది. పైకి లేవదన్న ఆ చెయ్యి నా భుజం ఎత్తుకు లేచింది. నొప్పికి పెదవి కొరుక్కుంటోంది.

"కాగులోంచి మధ్యలో తియ్యకూడదండీ మాస్టారూ. పిల్లల్ని చూసుకోనివ్వండి."

అధికారి ముందు, పిల్లల ముందు, వంటామె నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంకో రోజైతే ఏమనేవాణ్ణో. ఆ రోజు మాత్రం చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నడిచి చూడండే" అంది జాన్‌బీ.

నీలోఫర్ తెర మీద రాసింది పైకి చదవసాగింది. హర్షిత గచ్చు మీద అడుగులేసింది. పదహారు అడుగులు అటు. తిరిగింది. పది అడుగులు కిందికి. తిరిగింది. "పది ఇటు" అని నీలోఫర్ చదవగానే హర్షిత అక్కడే ఆగిపోయి, "అయ్యో, అటెళ్ళింది పదహారు కదే! ఇటు కూడా పదహారు రావాలి! నేను ఒక పక్కే మార్చా!" అని అరిచింది. పరిగెత్తి మార్చింది. తెర మీద అంచు చుట్టూ తిరిగి మొదటి పువ్వు దగ్గరికొచ్చి కలిసింది. పిల్లలు బల్లలు చరిచారు.

వెంకటాద్రి గారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మొదటిసారే సరిగ్గా వచ్చుంటే ఈపాటికి వ్యాను ఎక్కించేవాణ్ణండీ మాస్టారూ" అన్నాడు నాతో. "తప్పు వచ్చాక వాళ్ళే వెతుక్కున్నారు చూడండి, అది బట్టీ పట్టిస్తే రాదు. ఎవరు నేర్పారమ్మా మీకు?"

ఇరవై రెండు వేళ్ళు గుమ్మం వైపు తిరిగాయి. గుమ్మంలో అప్పటికే ఎవరూ లేరు. గుడ్ల పెంకులు ఒలవాలని వెళ్ళిపోయింది.

యంత్రాలు ఉంచాలంటే ఒక మాస్టారు మళ్ళీ బాధ్యత రాసివ్వాలన్నాడు ఆయన. తొమ్మిదేళ్ళు నా గుండె మీద కూర్చున్న కాగితమే అది. పాత ఉత్తరం తిరిగి తీసుకుంటున్నానని, పిల్లలకు ఆసక్తి లేదన్నది నిజం కాదని, నాకే భయమని రాసి సంతకం పెట్టాను. వ్యాను ఖాళీగా వెళ్ళిపోయింది.

అన్నాలయ్యాక వంటషెడ్డుకి నేనే వెళ్ళాను. "జాన్‌బీ గారూ, ఒకసారి రండి" అన్నాను.

"గారేంటండీ, ఎండ తగిలిందా?" అంది. కానీ చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుని వచ్చింది. మూడు వారాల్లో ఆవిడ ఒక్కసారి కూడా కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చోలేదని నాకు అప్పుడే తట్టింది. ఎవరూ కూర్చోమనలేదు మరి. నీలోఫర్ కుర్చీ జరిపింది. ఆవిడ దాని అంచున కూర్చుంది, విరిగిపోతుందేమో అన్నట్టు. నా ఫోన్లోంచి నెట్ కలిపాను.

"నీకేం కావాలన్నా అడుగు నానీ, చూపిస్తా" అంది నీలోఫర్. వాళ్ళ ఇంట్లో అమ్మమ్మని పిలిచినట్టే పిలుస్తుంది ఆవిణ్ణి.

జాన్‌బీ తెర అంచు చేత్తో తడిమింది. తర్వాత నెమ్మదిగా అంది. "పటిక గుద్దినచోటే ఎరుపు ఎందుకు పడుతుందో అడుగు. మిగతా గుడ్డకి ఎందుకు పట్టదో. చిన్నప్పుడు మా మేస్త్రిని అడిగా. అడగమాక, పని చూడు అన్నాడు. మళ్ళీ ఎవర్నీ అడగలా. పాపం, ఆయనకీ తెలీదేమో."

నా వంక చూసింది. నాకూ తెలియదు. ఆ మాటే చెప్పాను. నీకెందుకని మాత్రం అనలేదు.

నీలోఫర్ టైపు చేసింది. ఇంగ్లీషు అర్థం కానిచోట హర్షిత అందుకుంది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడి, చివరికి నీలోఫర్ తిరిగి చెప్పింది. "పటిక గుడ్డ పోగుని ఒక పక్క పట్టుకుంటదంట నానీ, రంగుని రెండో పక్క పట్టుకుంటదంట. పటిక లేనిచోట రంగుకి పట్టు దొరక్క నీళ్ళల్లో పోద్దంట. అందుకే."

జాన్‌బీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు కూడా.

"అంతేనా?" అంది. "ఇదా సంగతి? ఎవరన్నా చెప్పుంటే నాకు అర్థమయ్యేది కదే తల్లీ."

నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను, పిల్లలు నా మొహం చూడకుండా. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, కుర్చీలో వెనక్కి జరిగి సరిగ్గా కూర్చుని, నీలోఫర్ భుజం తట్టింది.

"ఇంకోటుంది, రాయి."